ఏళ్ల తరబడి ఆడిన గేమ్ వదిలి పోటీ గేమ్‌కు మారడం ఎలా: బీజీఎంఐ నుంచి ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌కు

నేను తిరుపతిలో రైల్వే స్టేషన్ దగ్గర ఒక ట్రావెల్స్‌లో పని చేస్తాను. డిగ్రీ చదివే రోజుల్లో, 2018లో పబ్జీ మొబైల్ మొదలుపెట్టాను. దాన్ని మన దేశంలో నిషేధించాక దాని స్థానంలో బీజీఎంఐ వచ్చింది, అదే చేత్తో అదీ ఆడాను. పోయిన ఏడాది ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌కు మారాను. పాత గేమ్ మీద కోపం వచ్చి మారలేదు. బీజీఎంఐలోని ఎరాంగెల్ మ్యాప్‌లో చివరిదాకా చావకుండా నిలబడితే ఒక మ్యాచ్‌కు అరగంట పడుతుంది. నాకు అరగంట ఎప్పుడూ దొరకదు. చివరి సర్కిల్‌లో ఉన్నప్పుడే ఫోన్ మోగుతుంది. "అన్నా, ట్రైన్ దిగినాం, అయిదుగురం ఉండాం, తిరుచానూరు పోవాల" అంటారు. ఎత్తకపోతే బేరం పోతుంది, ఎత్తితే నా ముగ్గురు టీమ్‌మేట్లు జోన్‌లో మిగిలిపోతారు. ఫ్రీ ఫైర్‌లో 50 మంది దిగుతారు, పది నిమిషాల్లో మ్యాచ్ తేలిపోతుంది. నా బతుక్కు అది సరిపోయింది.

మారే పద్ధతి ఎవరూ చెప్పలేదు కాబట్టి కొన్ని తప్పులు చేసి నేర్చుకున్నాను. మీరు ఆ తప్పులు చేయకూడదని ఇది రాస్తున్నాను. పేర్లు ఈ రెండు గేమ్‌లవే చెప్తున్నాను. మీ గేమ్‌లు వేరైనా చాలావరకు ఇదే వరుస.

ముందు తేల్చుకోవాల్సింది

మీకు విసుగొచ్చింది గేమ్ మీదా, వరసగా ఓడిపోవడం మీదా? ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. వారం రోజులు ఏ గేమూ ఆడకండి. ఆ వారంలో పాత గేమ్ గుర్తొచ్చి వేళ్లు లాగుతుంటే మీరు అలసిపోయారంతే, వదలాల్సిన పని లేదు. గేమ్ గుర్తు రాకుండా, ఆడుకునే మనుషులు మాత్రం గుర్తొస్తుంటే మారే టైమ్ వచ్చినట్టే. నాకు ఆ వారంలో ఎరాంగెల్ ఒక్కసారీ గుర్తు రాలేదు. రాత్రి పదింటికి వినే మూడు గొంతులు మాత్రం ప్రతి రాత్రీ గుర్తొచ్చాయి.

స్నేహితులు అందరూ పోతున్నారని పోతుంటే మాత్రం ఇంకో నెల ఆగండి. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నట్టు పోయినవాళ్లలో సగం మంది తిరిగొస్తారు.

మనుషుల జాబితా రాయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. స్కిన్‌ల (గన్‌లకు, బట్టలకు కొనుక్కున్న రూపాల) లెక్క తర్వాత చూసుకోవచ్చు, మనుషుల లెక్క ముందు చూడండి.

2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది, అందులో పబ్జీ మొబైల్ ఉంది. అక్టోబర్ 30న సర్వర్లు ఆగిపోయాయి. మధ్యలో దాదాపు రెండు నెలలు టైమ్ ఉంది. ఆ రెండు నెలల్లో నేను చేయాల్సిన పని ఒకటుంది, చేయలేదు. అస్సాం అబ్బాయి ఒకడు ఏడాదిన్నరగా మాతో ఆడేవాడు. వచ్చీరాని హిందీలో నేను, వచ్చీరాని హిందీలో వాడు. నేను దెబ్బ తిని పడిపోతే ఎంత దూరంలో ఉన్నా పొగ బాంబులు వేసుకుంటూ వచ్చి లేపి బతికించేవాడు. వాళ్ల ఇంటి వెనక చెరువులో కప్పలు అరవడం మైక్‌లో వినపడేది. వాడి అసలు పేరు నేనెప్పుడూ అడగలేదు. ఫోన్ నంబర్ తీసుకోలేదు. సర్వర్ ఆగిన రోజుతో వాడు పోయాడు. 2021 జులై 2న బీజీఎంఐ వచ్చాక గేమ్‌లో వాడు పెట్టుకున్న పేరుతో ఎన్నిసార్లు వెతికానో లెక్కలేదు, దొరకలేదు. గొంతు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే చెప్తున్నాను. ఫ్రెండ్ లిస్ట్ తెరవండి. పై నుంచి కిందికి ఒక్కొక్క పేరూ చూడండి. ఎవరు లేకపోతే మీకు వెలితిగా ఉంటుందో వాళ్ల పేర్లు కాగితం మీద రాయండి. 200 మందిలో ఏడెనిమిది మంది తేలతారు. వాళ్లకు ఇన్‌బాక్స్‌లో పెట్టే మెసేజ్ సూటిగా ఉండాలి: "అన్నా, ఈ నెలాఖరుకు నేను వేరే గేమ్‌కు మారుతున్నా. నీతో టచ్‌లో ఉండాలని ఉంది, నంబర్ ఇస్తావా?" అంతే. ఆడపిల్లలైతే, పరిచయం అంతగా లేకపోతే, నంబర్ అడగొద్దు. మీ నంబర్ ఇచ్చి ఊరుకోండి, ఇష్టమైతే వాళ్లే పలకరిస్తారు.

గేమ్‌లో చాట్ ఉంది కదా అని దాని మీద ఆధారపడకండి. బీజీఎంఐ కూడా 2022 జులైలో స్టోర్ల నుంచి పోయి 2023 మేలో తిరిగొచ్చింది. గేమ్ మన చేతిలో ఉండేది కాదు.

స్క్వాడ్‌కు నోటితో చెప్పండి

చెప్పాపెట్టకుండా ఆన్‌లైన్‌కు రావడం మానేయడం చాలామంది చేసే పని. అది తప్పు. నాలుగేళ్లు మీ వెనక కవర్ ఇచ్చిన మనిషికి ఆ మాత్రం గౌరవం ఇవ్వాలి. మెసేజ్ కాదు, కాల్ చేయండి. దగ్గర్లో ఉంటే కలవండి.

మా స్క్వాడ్‌లో ఒకడు రేణిగుంట తమ్ముడు, ఒకడు చంద్రగిరి వాడు, ఇంకొకరు పుత్తూరు బావ. ముగ్గురినీ ఒక ఆదివారం పొద్దున అలిపిరికి రమ్మన్నాను. 3,550 మెట్లు ఎక్కేటప్పుడు ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండదు, ఊపిరి సరిపోదు కాబట్టి ఎవరూ వాదించరు కూడా. గాలిగోపురం దగ్గర కూర్చున్నప్పుడు చెప్పాను. పుత్తూరు బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంక ఐజీఎల్ ఎవురు?" అన్నాడు. ఐజీఎల్ అంటే ఆటలో టీమ్‌ను నడిపేవాడు. ఎక్కడ దిగాలి, ఎటు కదలాలి అని చెప్పేది అంతవరకు నేనే. ఆ ఒక్క ప్రశ్నతో నాకు అర్థమైంది, మనం ఖాళీ చేసే చోటు ఇంకొకరికి అప్పగించి పోవాలని.

కాబట్టి వెళ్లేముందు మీరు చేసే పనిని ఇంకొకరికి నేర్పండి. ఐజీఎల్ అయితే పది మ్యాచ్‌లు ఆ మనిషి చేత కాల్స్ (ఎటు పోవాలో చెప్పే మాటలు) ఇప్పించి మీరు వెనక ఉండండి. తప్పు కాల్ ఇచ్చినా మధ్యలో కల్పించుకోకండి, మ్యాచ్ అయ్యాక చెప్పండి. క్లాన్ (కలిసి ఆడేవాళ్ల గుంపు) లీడర్ అయితే రోజూ ఆన్‌లైన్‌కు వచ్చే మనిషిని చూసి లీడర్ హోదా ఆయనకు ఇచ్చాకే బయటికి రండి. లీడర్ కనిపించకుండా పోతే క్లాన్ కాపలా లేని చేనులా అయిపోతుంది.

డబ్బు లెక్క

ముందు చూడాల్సింది ఆటోపే. గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు, నెలనెలా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. ప్లే స్టోర్ తెరిచి, పైన మీ ఫొటో మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి పోయి, సబ్‌స్క్రిప్షన్స్‌లో ఆ గేమ్ ప్రైమ్ లాంటివి కనిపిస్తే క్యాన్సిల్ చేయండి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో మీ పేరు మీద నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ ఉంటాయి. తర్వాత మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట కూడా ఒకసారి చూడండి. ఇదంతా గేమ్ తీసేయకముందే చేయండి.

మిగిలిన యూసీ (బీజీఎంఐలో డబ్బిచ్చి కొనే నాణేలు) వెనక్కి రాదు, కొత్త గేమ్‌లో నాణేల్లా వాడే డైమండ్స్‌గా మారదు. మీ ఎం416 గ్లేసియర్ గన్ స్కిన్ అయినా, సూట్ అయినా, టైటిల్ అయినా అక్కడే ఉండిపోతాయి. మిగిలిన యూసీని ఎలాగైనా వాడేయాలని పైన ఇంకో వంద వేసి క్రేట్ (ఏమొస్తుందో తెలియని బహుమతి పెట్టె) తెరవడం మాత్రం చేయొద్దు.

"ఇంత డబ్బు పెట్టాను, ఎట్లా వదిలేది" అని మనసు పీకుతుంది. నేను ఆరేళ్ల ఖర్చు కూర్చొని లెక్కేశాను, ఒక నెల జీతం అంత వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఆ డబ్బుకు ఆరేళ్ల రాత్రుళ్లు వచ్చాయి, అవి ఎక్కడికీ పోలేదు. వదలకుండా ఉంటే ఆ డబ్బు తిరిగొస్తుందా అంటే అదీ లేదు. స్క్రీన్ రికార్డర్ ఆన్ చేసి ఇన్వెంటరీ మొత్తం నెమ్మదిగా తిరగండి. గన్‌లు, సూట్లు, టైటిల్స్, పాత సీజన్ల ర్యాంకులు అన్నీ. పది నిమిషాల వీడియో అవుతుంది. దాన్ని డ్రైవ్‌లో పెట్టుకోండి.

ఐడీ అమ్మకండి, ఉంచుకోండి

గేమ్ ఐడీ (మీ ఖాతా) అమ్ముతావా అని అడిగేవాళ్లు తప్పకుండా వస్తారు. అమ్మడం గేమ్ నిబంధనలకు విరుద్ధం, ఐడీ బ్యాన్ కావచ్చు. దానికంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. మా వీధిలో ఒక తమ్ముడు ఐడీతో పాటు దానికి లింక్ అయిన జీమెయిల్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చేశాడు, కొన్నవాడు అడిగాడని. డబ్బు సగమే వచ్చింది. రెండో రోజు పాస్‌వర్డ్ మారిపోయింది. ఆ మెయిల్‌లోనే వాడి పదో తరగతి మార్కుల మెమో, వాళ్ల జేజితో దిగిన చివరి ఫొటోలు ఉన్నాయి. జేజి ఇప్పుడు లేదు. ఆ ఫొటోలు ఇంక రాలేదు.

ఐడీ డిలీట్ కూడా చేయకండి. కనీసం మూడు నెలలు అట్లే ఉంచండి. పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, ఏ మెయిల్‌తో లాగిన్ అవుతుందో రాసి పెట్టుకోండి. గేమ్ ఫోన్‌లోంచి తీసేసినా ఐడీ సర్వర్‌లో ఉంటుంది.

కొత్త గేమ్ పెట్టుకునేటప్పుడు

ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో మన దేశంలో నిషేధంలోకి పోయింది. ఆడేది ఫ్రీ ఫైర్ మ్యాక్స్. దాన్ని స్టోర్ నుంచే దింపుకోండి. ఎవరో పంపిన ఏపీకే ఫైల్ ఎక్కించకండి. నిషేధానికి ముందు మీరు ఫ్రీ ఫైర్ ఆడి ఉంటే అదే లాగిన్‌తో పాత ఐడీ మ్యాక్స్‌లో తెరుచుకుంటుంది, ఒకసారి ప్రయత్నించండి.

ఏ లాగిన్ లేకుండా గెస్ట్‌గా మొదలుపెట్టకండి. మొదలుపెట్టినా ఆ రోజే గూగుల్‌కు లింక్ చేయండి. గెస్ట్ ఐడీ ఫోన్ మార్చినప్పుడో, గేమ్ తీసేసినప్పుడో పోతుంది.

మొదటి నెల ఒక్క రూపాయి కూడా పెట్టకండి. లక్ రాయల్ అని చక్రాలు తిప్పమని రోజూ అడుగుతుంది. ఏది అవసరమో మీకింకా తెలియదు కాబట్టి కొన్నదంతా వృథా. ఫ్రీ డైమండ్స్ ఇస్తామనే సైట్లన్నీ మోసం. ఓటీపీ అడిగితే ఆ పేజీ మూసేయండి. ఇంట్లో చిన్నపిల్లలు నాన్న ఫోన్‌లో ఆడుతుంటే ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.

చేతికి కొత్త పాఠం

ఇక్కడే ఓపిక పట్టాలి. పాత గేమ్‌లో మీ ర్యాంకు క్రౌన్ అయినా ఏస్ అయినా ఇక్కడ మళ్లీ ఓనమాలే.

ఒక్క విషయం దగ్గరగా చూడండి. బీజీఎంఐలో స్ప్రే కొట్టేటప్పుడు (ఆపకుండా కాల్చేటప్పుడు) తుపాకి పైకి ఎగురుతుంది, బొటనవేలు స్క్రీన్ మీద కిందికి లాగి దాన్ని అణచాలి. ఆరేళ్లుగా మీ వేలు అదే పని చేసింది. ఫ్రీ ఫైర్‌లో దానికి పూర్తిగా ఎదురు. ఫైర్ బటన్ నొక్కి పట్టుకొని పైకి లాగితే ఎయిమ్ (గురి) తలకు అంటుకుంటుంది. దీన్నే డ్రాగ్ హెడ్‌షాట్ అంటారు. మొదటి వారం మీ వేలు తనంతట తానే కిందికి పోతుంది, తూటాలన్నీ ఎనిమీ కాళ్ల దగ్గర పడతాయి. ఎయిమ్ పోయిందని కంగారు పడకండి. ట్రైనింగ్ గ్రౌండ్‌లోకి పోయి, ఒక్క గన్ తీసుకొని, రోజుకు ఇరవై నిమిషాలు పైకి లాగడం మాత్రమే చేయండి. లెక్కలు చూడొద్దు. నాకు పదకొండో రోజు వేలు మాట వినింది. ట్రావెల్స్ ముందు కుర్చీలో కూర్చొని ఎంపీ40 గన్‌తో వరసగా మూడు తలలు కొట్టాను. పక్కన టీ తాగుతున్న డ్రైవర్ అన్నకు కూడా చూపించాను.

సెన్సిటివిటీ (వేలు లాగితే గురి ఎంత కదలాలనే సెట్టింగ్) ఎవరిదో చూసి దించుకోకండి. ఒకటి పెట్టి మూడు రోజులు ఆడి, తర్వాత కొద్దిగా మార్చండి. రోజుకో సెట్టింగ్ మారిస్తే చేతికి ఏదీ అలవాటు కాదు. పాత గేమ్‌లో జైరోతో (ఫోన్ వంచి గురి తిప్పుతూ) ఆడినవాళ్లు ఇక్కడ ముందు వేళ్లతోనే నేర్చుకోండి, డ్రాగ్ అప్పుడే కుదురుతుంది.

రెండోది గ్లూ వాల్, అంటే అప్పటికప్పుడు ముందు వేసుకునే అడ్డుగోడ. పాత గేమ్‌లో దెబ్బ తగలగానే కళ్లు చెట్టు కోసం, బండ కోసం వెతుకుతాయి. ఇక్కడ వెతకకూడదు, ముందు గోడ వేయాలి. గోడ బటన్‌ను కుడి బొటనవేలికి దగ్గరగా, ఫైర్ బటన్ పక్కనే పెట్టుకోండి. దెబ్బ తగిలితే గోడ, తర్వాతే ఆలోచన. ఇది రిఫ్లెక్స్ అయ్యేదాకా ర్యాంక్ జోలికి పోవద్దు.

నేర్చుకోవడానికి బెర్ముడా మ్యాప్‌లో యాభై మందితో దిగడం కంటే క్లాష్ స్క్వాడ్ మోడ్ మేలు. నలుగురు నలుగురు, ముందు నాలుగు రౌండ్లు గెలిచినవాళ్లది మ్యాచ్. చచ్చినా రెండు నిమిషాల్లో మళ్లీ రౌండ్ వస్తుంది, కాబట్టి ఒక గంటలో ఎన్నో ఫైట్లు పడతాయి. లోన్ వుల్ఫ్ మోడ్‌లో తెలిసినవాడితో ఒకరికొకరు ఆడుకోవచ్చు. ఇక్కడ ఫుల్ హెల్త్ 200, పాత గేమ్‌లో వంద. అందుకే "ఇంత కొట్టినా చావడేంది" అనిపిస్తుంది. క్యారెక్టర్లకు ఒక్కొక్కరికి ఒక్కో స్కిల్ ఉంటుంది. కెల్లీ పరుగు పెంచుతుంది, అలోక్ చుట్టూ ఉన్నవాళ్లకు హెల్త్ ఇస్తాడు. మొదట ఒకరిద్దరిని పట్టుకోండి చాలు. మొదటి మ్యాచ్‌ల్లో వరసగా బూయా (గెలుపు) వస్తే పొంగిపోకండి, ఎదురుగా ఉన్నవాళ్లలో చాలామంది బాట్‌లే, మనుషులు కాదు.

ఈ మొదటి పదిహేను రోజులు పాత గేమ్ అస్సలు తెరవకండి. ఒక రాత్రి కిందికి లాగి, ఒక రాత్రి పైకి లాగితే వేలు రెండిట్లోనూ చెడిపోతుంది.

మాటలు పడాల్సి వస్తుంది

"ఏంన్నా, చిన్నపిల్లోళ్ల గేమ్ ఆడతా ఉండావంట" అని నన్ను లీలామహల్ సర్కిల్‌లో బండి ఆపి మరీ అడిగారు. కార్టూన్ గేమ్ అంటారు. బీజీఎంఐ వాళ్లకూ ఫ్రీ ఫైర్ వాళ్లకూ ఉన్న పట్టింపు మీకూ తెలుసు, బహుశా మీరూ అని ఉంటారు. నేను అన్నాను. దానికి వాదన పెట్టుకోవద్దు. "నాకు పది నిమిషాలే దొరుకుతాయి, అందుకే మారాను" అని నిజం చెప్పండి. నిజం చెప్తే అవతలివాడికి ఎక్కువ మాట ఉండదు.

అట్లే కొత్త గిల్డ్‌లో (ఇక్కడ క్లాన్‌ను ఇలా అంటారు) చేరాక పాత గేమ్‌ను, పాత క్లాన్‌ను తిట్టకండి. కొత్తవాళ్లు మెచ్చుకుంటారని అలా చేయబుద్ధి అవుతుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషిని ఎవరూ లోపల నమ్మరు. గిల్డ్‌లో మొదటి నెల తక్కువ మాట్లాడండి. చిన్న వయసువాళ్లు కాల్స్ ఇస్తారు, వినండి. నాకు గ్లూ వాల్ వేయడం నేర్పింది పదహారేళ్ల కుర్రాడు. వాడు నన్ను అన్నా అంటాడు, ఆటలో మాత్రం వాడి మాటే నేను వింటాను.

మూడు నెలల తర్వాత

పాత ఐడీ ఒకసారి తెరవండి. తెరిచినప్పుడు ఏమీ అనిపించకపోతే అలాగే మూసేయండి. అక్కడివాళ్లు గుర్తొస్తే నెలకో రాత్రి పెట్టుకోండి. మేం నెలలో చివరి ఆదివారం రాత్రి తొమ్మిదింటికి పెట్టుకున్నాం, ఆ గంట నాకొచ్చే బేరాల ఫోన్లు మా ఓనర్ అన్న చూసుకుంటాడు. ఆటలో కాల్స్ రేణిగుంట తమ్ముడే ఇస్తాడు. పోయిన నెల ఎరాంగెల్‌లోని పొచింకి ఊళ్లో దిగాం. మేడ మీద నుంచి ఒకడిని స్ప్రే కొడుతుంటే నా వేలు పైకి పోయింది, తూటాలు ఆకాశంలోకి పోయాయి. పుత్తూరు బావ తన గన్ రీలోడ్ చేసుకుంటూనే మెల్లగా, "కిందికి లాగు బావా, కిందికి" అన్నాడు.